గడిచిన క్షణాన్ని పట్టి ఉంచే పెట్టె: లాజిక్ అనలైజర్ అందుబాటులోకి వచ్చిన తీరు

1973లో అమెరికాలోని హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థకు చెందిన రెండు విభాగాలు, ఒకదానితో ఒకటి పెద్దగా పోలిక లేని రెండు పరికరాలను దాదాపు ఒకే పేరుతో విడుదల చేశాయి. శాంటా క్లారా విభాగం తయారుచేసిన 5000ఎ అనే పెట్టెకు తెర లేదు. దాని ముందు పలక మీద రెండు వరుసల చిన్న ఎర్రదీపాలు, వరుసకు 32 చొప్పున, ఉండేవి. దీపం వెలిగితే ఒకటి, వెలగకపోతే సున్నా. కొలరాడో స్ప్రింగ్స్ విభాగం చేసిన 1601ఎల్ ఆసిలోస్కోపులో అమర్చుకునే భాగం. అది 12 తీగల స్థితిని తెర మీద ఒకట్లు, సున్నాల పట్టికగా చూపించేది. అదే ఏడాది కాలిఫోర్నియాకే చెందిన బయోమేషన్ అనే మరో సంస్థ 810-డి అనే పరికరాన్ని తెచ్చింది. పేరు వింటే ఆసుపత్రి సామాను అనిపిస్తుంది గాని, అదీ ఎనిమిది డిజిటల్ తీగలను ఒకేసారి నమోదు చేసే యంత్రమే. నమోదైనదాన్ని చూడటానికి మాత్రం పక్కన వేరే ఆసిలోస్కోపు ఉండాలి.

ఈ మూడింటి వారసుడు ఇవాళ అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బాలో, పది డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతోంది. ఇంట్లో తీరిక వేళల్లో సర్క్యూట్లు కట్టుకునేవారి బల్ల మీద మల్టీమీటరు పక్కన దానికీ చోటు వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌లో అన్నీ చవకైనట్టే ఇదీ చవకైందని సరిపెట్టుకోవచ్చు. కాని అసలు జరిగింది అది కాదు. పెట్టెలో ఉండవలసినవి ఒక్కొక్కటే పెట్టె బయటికి వెళ్ళిపోవడం వల్ల ధర తగ్గింది. బయటికి వెళ్ళినవాటిలో కొన్నింటి ఖరీదును ఇంకెవరో భరించారు. ఏ పరికరం కొనుక్కోవాలన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ కథలోనే ఉంది.

*

ఆసిలోస్కోపు ఉండగా కొత్త పరికరం ఎందుకు కావలసివచ్చింది? ఆసిలోస్కోపు వోల్టేజీని గీతగా చూపుతుంది. ఒకే ఆకారం మళ్ళీ మళ్ళీ వచ్చే సంకేతాన్ని చూడటానికి అంతకన్నా మంచి సాధనం లేదు. కాని ఆనాటి ఆసిలోస్కోపులు ఒకేసారి రెండు, మహా అయితే నాలుగు గీతలు చూపగలిగేవి. 1971లో ఇంటెల్ 4004, మరుసటి ఏడు 8008, 1974లో 8080 వచ్చాయి. 8080కి డేటా తీగలే ఎనిమిది, చిరునామా తీగలు పదహారు. వాటి మీద నడిచే ప్రోగ్రాము ఒకే ఆకారంలో తిరిగి తిరిగి వచ్చేది కాదు. ఒక ఆదేశం ఒకసారి వెళ్ళిపోతే, అదే పరిస్థితి మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. పైగా, యంత్రం ఆగిపోయిన తరువాత గాని తప్పు జరిగిందని తెలియదు. అప్పుడు చూడవలసింది ప్రస్తుతాన్ని కాదు, ఆగిపోవడానికి ముందు గడిచిన కొన్ని క్షణాలను.

వైద్యంలో సరిగ్గా ఇటువంటి చిక్కు అంతకు ముందే ఎదురైంది. గుండెదడ వచ్చి పడిపోయానని చెప్పే రోగి ఆసుపత్రికి వచ్చేసరికి అతని ఈసీజీ నిర్దోషంగా ఉంటుంది. పడిపోయిన క్షణం ఇంటి దగ్గరే ఉండిపోయింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో వీపున మోసుకు తిరిగే ఈసీజీ యంత్రం తయారుచేశాడు. దాని బరువు 85 పౌండ్లు. తరువాత అది చిన్నదై, ఆయన పేరుతోనే ప్రతి గుండె ఆసుపత్రికీ చేరింది. ఇంకా తరువాతి కాలంలో చర్మం కింద అమర్చే లూప్ రికార్డర్లు వచ్చాయి. అవి ఎప్పుడూ రాస్తూనే ఉంటాయి. చోటు నిండగానే పాతదాని మీదే కొత్తది రాసుకుంటాయి. ఏదైనా తేడా కనబడినప్పుడు, దానికి ముందున్న భాగాన్ని చెరగకుండా దాచిపెడతాయి.

లాజిక్ అనలైజరులోని ప్రధానమైన ఊహ ఇదే. పరికరం వలయాకారపు మెమరీలో నిరంతరం నమోదు చేస్తుంటుంది. 'ఈ తీగల మీద ఫలానా ఒకట్లు, సున్నాల కూర్పు కనబడితే ఆపు' అని ముందే చెప్పి ఉంచుతాం. దీనినే ట్రిగ్గర్ అంటారు. ఆ కూర్పు రాగానే నమోదు ఆగుతుంది; మెమరీలో మిగిలినదంతా గతం. తెర మీద ఎన్ని గీతలు కనబడతాయన్నది దీని ముందు చిన్న విషయం. ఆసిలోస్కోపు ట్రిగ్గర్‌తో చూడటం మొదలుపెట్టేది. ఇది ట్రిగ్గర్‌తో చూడటం ముగించగలదు.

1973 నాటి పరికరాలు రెండు రకాలుగా చీలిపోవడానికి కూడా కారణం ఉంది. కొలరాడో స్ప్రింగ్స్ వారు, పరీక్షిస్తున్న సర్క్యూటులోని గడియారపు తీగనే తీసుకొని, అది కొట్టిన ప్రతిసారీ తీగల స్థితిని చదివారు. దానివల్ల ప్రోగ్రాము ఏ వరుసలో నడిచిందో తెలుస్తుంది. రెండు అడుగుల మధ్య ఏం జరిగిందో తెలియదు. బయోమేషన్ వారు పరికరంలోని సొంత గడియారంతో, సర్క్యూటుతో సంబంధం లేకుండా, వేగంగా చదివారు. దానివల్ల ఏ తీగ ముందు మారింది, ఏది ఆలస్యమైంది అన్నది తెలుస్తుంది. మొదటిదానికి స్టేట్ విశ్లేషణ అనీ, రెండవదానికి టైమింగ్ విశ్లేషణ అనీ పేర్లు నిలిచాయి. ప్రోగ్రాము రాసేవారికి ఒకటి, సర్క్యూటు కట్టేవారికి మరొకటి నచ్చింది. తరువాతి తరం యంత్రాలు రెండింటినీ ఒకే పెట్టెలో ఇముడ్చుకున్నాయి. ఇవాళ ఇళ్ళలో వాడే చవక పరికరాలలో అత్యధికం టైమింగ్ రకానివే. అందుకే వాటి విషయంలో 'ఎంత వేగంగా చదువుతుంది' అన్న ప్రశ్న అంత ముఖ్యమైంది.

కొలరాడో స్ప్రింగ్స్‌లో ఈ పనికి దన్నుగా నిలిచినవారిలో చక్ హౌస్ ఒకడు. అంతకు ముందు ఒక పెద్ద తెర ప్రాజెక్టును ఆపేయమని డేవిడ్ ప్యాకర్డ్ స్వయంగా చెప్పినా ఆపకుండా, దాన్ని పూర్తిచేసి అమ్మి చూపించిన ఇంజినీరు ఇతను. కొన్నేళ్ళకు ప్యాకర్డ్ ఆ ధిక్కారానికే ఒక పతకం ఇచ్చాడు. మార్కెట్టు ఇంకా అడగని పరికరాన్ని కట్టడానికి అటువంటి మొండితనం అవసరమై ఉండవచ్చు.

తరువాతి పదిహేనేళ్ళు ఈ యంత్రాలు పెరుగుతూ పోయాయి. టెక్ట్రానిక్స్ రంగంలోకి దిగింది. హ్యూలెట్-ప్యాకర్డ్ 1987లో తెచ్చిన 16500ఎ వంటివి రంగుల తెరతో, మార్చుకోగల కార్డులతో, ఒక మనిషి కష్టం మీద ఎత్తగల బరువుతో ఉండేవి. వాటిని కొనగలిగినవి కంపెనీలు, ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు. ఇవాళ అవి పాత సామాను ధరకు దొరుకుతాయి. అయితే ఆ బేరం చూసి మోసపోయినవారు చాలామంది. తీగలు కలిపే పాడ్లు, వాటి కొసన ఉండే చిన్న కొక్కేలు అప్పటికే పోయి ఉంటాయి. విడిగా కొనబోతే పెట్టె కన్నా వాటికే ఎక్కువవుతుంది.

*

చూడగలిగేవాడికీ చూడలేనివాడికీ మధ్య ఉన్న దూరం కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదని 2002లో ఒక ఉదంతం తేల్చి చెప్పింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రంలో, మొదట నడిచే కోడును ఒక చిప్పు లోపల దాచారు. ఆ చిప్పులోంచి ప్రాసెసరు వైపు వెళ్ళే దారిలో మాత్రం ఆ కోడు ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది. అంత వేగంగా వెళ్ళేదాన్ని ఎవరూ ఇంట్లో కూర్చుని చూడలేరన్నదే దానికి ఉన్న రక్షణ. ఎంఐటీలో డాక్టరేటు విద్యార్థిగా ఉన్న ఆండ్రూ 'బన్నీ' హువాంగ్ ఆ తీగల మీద సొంతంగా చేసుకున్న బోర్డును అతికించి, ఎఫ్‌పీజీఏ అనే, మనం కోరిన సర్క్యూటుగా మలచుకోగల చిప్పుతో ఆ ప్రవాహాన్ని పట్టుకున్నాడు. రహస్యపు తాళం అందులో దొరికింది. ఆ తీగలలో 200 మెగాహెర్ట్జ్ గడియారం, దాని రెండు అంచుల మీదా డేటా; అంటే ఒక్కో బిట్టు 2.5 నానోసెకన్లు. ఈనాటి పది డాలర్ల పరికరం రెండుసార్లు కళ్ళు తెరిచే లోపల అక్కడ పదహారు బిట్లు దాటిపోతాయి.

ఫలితాన్ని ప్రచురించడం, చూడటం కన్నా కష్టమైంది. విశ్వవిద్యాలయం మొదట తనకు సంబంధం లేదని దూరం జరిగింది. కృత్రిమ మేధ ప్రయోగశాలలోని కొందరు ఆచార్యులు, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అండగా నిలిచాక గాని పరిశోధన పత్రం బయటికి రాలేదు. మరుసటి ఏడాది హువాంగ్ దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. కొనుక్కున్న యంత్రంలో ఏం జరుగుతోందో చూసే హక్కు ఎవరిదన్న వాదం అప్పటినుంచి ఆగలేదు. చూసే సాధనం ధర ఆ వాదంలో కనబడని పాత్రధారి.

*

ఆ ధరను పడగొట్టిన చిప్పు ఈ పనికోసం పుట్టినది కాదు. సైప్రెస్ సెమీకండక్టర్ సంస్థ 1999లో యాంకర్ చిప్స్ అనే చిన్న కంపెనీని కొని, దాని ఈజీ-యూఎస్‌బీ వంశాన్ని కొనసాగించింది. అందులో యూఎస్‌బీ 2.0 వేగంతో పనిచేసే ఎఫ్ఎక్స్2 చిప్పు, స్కానర్లు, కెమెరాలు వంటివాటిని కంప్యూటరుకు కలపడానికి ఉద్దేశించినది. దానికో విచిత్రమైన స్వభావం ఉంది. లోపల 8051 జాతి ప్రాసెసరు ఉంటుంది గాని, దానికి సొంతమైన శాశ్వత ప్రోగ్రాము ఉండదు. కంప్యూటరుకు తగిలించిన ప్రతిసారీ ప్రోగ్రామును కంప్యూటరే దానిలోకి పంపాలి. పక్కనుండే ఒక చిన్న మెమరీ చిప్పులో, తాను ఏ కంపెనీ తయారీయో, ఏ సరుకో చెప్పే రెండు సంఖ్యలు మాత్రం ఉంటాయి.

జో గారిసన్, మార్క్ గారిసన్ అనే అన్నదమ్ములు 2008లో సేలియే సంస్థ పేరుతో తెచ్చిన 'లాజిక్' అనే పరికరానికి ఈ చిప్పే ఆధారం. ఎనిమిది తీగలు, సెకనుకు 2.4 కోట్ల నమూనాలు, ధర 149 డాలర్లు. దీనిలో తెర లేదు, మీటలు లేవు. అన్నింటికన్నా ముఖ్యంగా, చెప్పుకోదగిన మెమరీ లేదు. చదివినది చదివినట్టే కంప్యూటరుకు పంపేస్తుంది. 5000ఎ పెట్టెలో 64 దీపాలకు సరిపడా గతం ఉండేది. ఇక్కడ ఒక గిగాబైటు కేటాయిస్తే పూర్తి వేగంతో నలభై సెకన్లకు పైగా, వేగం తగ్గించి సెకనుకు పది లక్షల నమూనాలు చాలనుకుంటే పదహారు నిమిషాలకు పైగా గతం నిలుస్తుంది. ఖరీదైన భాగాన్ని కొనుగోలుదారు అప్పటికే ల్యాప్‌టాప్ రూపంలో కొనేసి ఉన్నాడు.

అయితే మెమరీ లేకపోవడానికి ఒక మూల్యం ఉంది. ఎఫ్ఎక్స్2 చిప్పు తనలో 4 కిలోబైట్ల డేటాను మాత్రమే నిలుపుకోగలదు. పూర్తి వేగంలో అది నిండడానికి పట్టేది 170 మైక్రోసెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో కంప్యూటరు వేరే పనిలో పడి తీసుకోకపోతే నమోదు తెగిపోతుంది. ఇదే పరికరం ఒకరికి బంగారంలా పనిచేసి, ఇంకొకరిని విసిగించడానికి చాలాసార్లు కారణం ఇది. మరేవీ లేని యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

గారిసన్ సోదరులు నిజంగా అమ్మినది సాఫ్ట్‌వేరును. ఒకట్లు, సున్నాల గీతలను 'ఇది చిరునామా, ఇది డేటా, ఇక్కడ అవతలి చిప్పు జవాబివ్వలేదు' అని మనిషి చదవగలిగే మాటల్లోకి మార్చే డీకోడర్లు, విసుగు పుట్టించని తెర. ఆ శ్రమ విలువ 149 డాలర్లలో ఉంది; చిప్పు విలువ అందులో చిన్న భాగం. సరిగ్గా ఈ తేడా నుంచే నకళ్ళు పుట్టాయి. చిప్పు అంగట్లో దొరికేదే, దాని వాడకం సైప్రెస్ పత్రాల్లో అందరికీ తెలిసినదే. పక్కనున్న చిన్న మెమరీలో సేలియే సంఖ్యలు రాసేస్తే, సేలియే సాఫ్ట్‌వేరు ఆ బోర్డును తనదేననుకొని ప్రోగ్రాము పంపేది. చిప్పుకు సొంత ప్రోగ్రాము లేకపోవడమన్న సౌలభ్యమే దొంగకు తలుపు తీసింది. కొన్ని నకళ్ళకైతే ఒక జంపరు కూడా పెట్టారు. దాన్ని మారిస్తే అదే బోర్డు మరో కంపెనీ పరికరంగా పేరు చెప్పుకుంటుంది.

ఇక్కడ నకలు ఏదో, కానిది ఏదో విడదీసి చూడాలి. ఎఫ్ఎక్స్2తో ఎనిమిది తీగలు చదివే బోర్డు చేయడం దొంగతనం కాదు. అది ఎవరైనా చేయగల సర్క్యూటు. మరొకరి పేరు పెట్టుకొని, మరొకరు రాసిన సాఫ్ట్‌వేరును దానికి సరఫరాగా వాడుకోవడం మాత్రం దొంగతనమే. పది డాలర్లకు కొనేవాడికి ఈ విషయం తెలియకపోవచ్చు. కొరియరు కవరు లోపల ఆ తేడా కనబడదు.

ఈ ముడిని విప్పినది కోర్టు కాదు, స్వచ్ఛందంగా పనిచేసిన కొందరు ప్రోగ్రామర్లు. ఊవె హెర్మన్, బెర్ట్ వెర్మ్యూలెన్ విడివిడిగా మొదలుపెట్టిన పనులు కలిసి సిగ్‌రాక్ అనే ఉమ్మడి ప్రాజెక్టుగా రూపొందాయి. ఏ కంపెనీ పరికరమైనా ఒకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో నడవాలన్నది దాని ఉద్దేశం. ఎఫ్ఎక్స్2 చిప్పులోకి పంపడానికి వారు సొంత ప్రోగ్రామును మొదటినుంచీ రాసుకున్నారు. అది పంపిన తరువాత ఆ బోర్డుకు సేలియే సాఫ్ట్‌వేరుతో పనిలేదు. జోయెల్ హోల్డ్స్‌వర్త్ మొదలుపెట్టిన పల్స్‌వ్యూ దానికి తెర అయింది. డీకోడర్లను పైథాన్ భాషలో రాసుకునే ఏర్పాటు ఉండటంతో, తమకు కావలసినది ఎవరికి వారు రాసి చేర్చారు; వాటి సంఖ్య వంద దాటింది. అదే పది డాలర్ల బోర్డు, అదే చిప్పు. సిగ్‌రాక్ కింద నడిచినప్పుడు అది ఎవరి కష్టాన్నీ దొంగిలించదు. ఆ శ్రమకు ఎవరూ ధర కట్టకపోవడం వేరే విషయం.

*

ఇదే కాలంలో దీనికి పూర్తిగా ఎదురుదిశలో మరో ప్రయత్నం నడిచింది. 2006లో మైకేల్ పాపిట్జ్ అనే జర్మన్, విద్యార్థుల కోసం అమ్మే ఒక ఎఫ్‌పీజీఏ బోర్డును 32 తీగల లాజిక్ అనలైజరుగా మార్చే డిజైనును సంప్ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2010లో డేంజరస్ ప్రోటోటైప్స్, గ్యాడ్జెట్ ఫ్యాక్టరీ అనే రెండు చిన్న బృందాలు దానిని ఆధారం చేసుకొని ఓపెన్ బెంచ్ లాజిక్ స్నిఫర్ అనే బోర్డును సుమారు 50 డాలర్లకు అమ్మాయి. సెకనుకు 20 కోట్ల నమూనాలు అందుకోగల వేగం, అసలైన హార్డ్‌వేర్ ట్రిగ్గర్ దానికి ఉన్నాయి. కాని జ్ఞాపకమంతా ఆ ఎఫ్‌పీజీఏ లోపలిదే: సుమారు 24 వేల నమూనాలు. సెకనుకు పది కోట్ల చొప్పున నమోదు చేస్తే పావు మిల్లీసెకను లోపే అయిపోతుంది.

కాబట్టి చవక పరికరాల లోకంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి నెమ్మదైనది, ఎంత గతాన్నయినా గుర్తుంచుకుంటుంది. మరొకటి వేగమైనది, వెంటనే మరిచిపోతుంది. పదినిమిషాలకొకసారి మొరాయించే ఉష్ణోగ్రతా సెన్సరును పట్టుకోవాలంటే మొదటిది కావాలి. రెండు గడియారపు అంచుల మధ్య తప్పుడు స్పందన వస్తోందా అని చూడాలంటే రెండవది. చైనాకు చెందిన డ్రీమ్‌సోర్స్‌ల్యాబ్ 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా తెచ్చిన డీఎస్‌లాజిక్, ఎఫ్‌పీజీఏకు తోడు పరికరంలోనే విడి మెమరీ చిప్పు పెట్టి ఈ రెంటికీ మధ్య వంతెన వేసింది. దాని సాఫ్ట్‌వేరు సిగ్‌రాక్ నుంచి చీలినదే. ఇంటి బల్ల మీద ఒక్కటే పరికరం ఉండాలంటే, పది డాలర్ల బోర్డుతో పనిచేసి దాని హద్దులు తగిలినవారికి ఈ తరగతి సరైనది. మొదటి రోజే దీన్ని కొనడం మాత్రం అనవసరం.

ఎందుకంటే, ఇళ్ళలో ఎక్కువగా చూడవలసి వచ్చేవి నెమ్మదైన సంకేతాలే. సీరియల్ పోర్టు సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో నడిస్తే, 24 మెగాహెర్ట్జ్ పరికరానికి ఒక్కో బిట్టులో 208 నమూనాలు దొరుకుతాయి. ఫిలిప్స్ సంస్థ 1980ల తొలినాళ్ళలో రూపొందించిన ఐ2సి బస్సు 400 కిలోహెర్ట్జ్‌తో నడిస్తే ఒక్కో గడియారపు చుట్టుకు 60. ఇవి కావలసినదానికన్నా ఎక్కువే. కనీసం నాలుగు నమూనాలైనా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 6 మెగాహెర్ట్జ్ దాటితే ఈ పరికరాన్ని నమ్మకూడదు. 20 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్పుకు తగిలిస్తే ఒక చుట్టుకు ఒకటింబావు నమూనా కూడా రాదు. అప్పుడు తెర ఖాళీగా ఉంటే మేలే. అది చక్కగా, నిండుగా, పూర్తిగా తప్పైన గీతలు చూపిస్తుంది. తప్పుడు పరీక్షాఫలితం కన్నా ఫలితం లేకపోవడమే నయమని ప్రయోగశాల నివేదికలు చదివే ఎవరికైనా తెలుసు.

రెండో హద్దు అమ్మకపు పేజీల్లో పెద్దక్షరాల్లో ఉండదు. ఎఫ్ఎక్స్2 చిప్పు 2 వోల్టులు దాటితేనే 'ఒకటి' అని కచ్చితంగా ఒప్పుకుంటుంది. ఇప్పటి ఫోన్లలోని, కొత్త సెన్సర్లలోని చిప్పులు చాలావరకు 1.8 వోల్టులతో పనిచేస్తాయి. అక్కడ 'ఒకటి' అంటే గరిష్ఠంగా 1.8. ఈ బోర్డు దాన్ని ఒకసారి చూస్తుంది, ఒకసారి చూడదు. ఆ లోపాన్ని సర్క్యూటు లోపమనుకొని రాత్రంతా వెతికేవారుంటారు. ఖరీదైన పరికరాల్లో ఈ హద్దును మార్చుకునే వీలుంటుంది. వాటికి పెట్టే అదనపు డబ్బులో ఇది న్యాయమైన భాగం.

2021 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై సంస్థ 4 డాలర్ల ధరతో పికో బోర్డును విడుదల చేసింది. అందులోని ఆర్‌పీ2040 చిప్పులో, తీగలను ప్రతి గడియారపు అడుగుకూ చదవగల చిన్న స్వతంత్ర యంత్రాలున్నాయి. వాటిని వాడుకొని లాజిక్ అనలైజర్ చేసే పద్ధతిని ఆ సంస్థ తన ఉదాహరణ ప్రోగ్రాముల్లోనే ఇచ్చింది. బోర్డు మెమరీ 264 కిలోబైట్లు. అందులో 200 కేటాయిస్తే, ఎనిమిది తీగలను సెకనుకు పది కోట్లసార్లు చదివినా రెండు మిల్లీసెకన్ల గతం నిలుస్తుంది. అయితే దాని కాళ్ళు 3.3 వోల్టులకే ఉద్దేశించినవి. పాతకాలపు 5 వోల్టుల సర్క్యూటుకు నేరుగా కలిపితే బోర్డు దెబ్బతినవచ్చు. ఎఫ్ఎక్స్2 మాత్రం 5 వోల్టులను ఓర్చుకుంటుంది.

ఏ పరికరంతోనైనా మొదట కలపవలసింది గ్రౌండు తీగను. ఈ చవక పెట్టెలన్నింటిలోనూ ఆ తీగ యూఎస్‌బీ గుండా నేరుగా కంప్యూటరు గ్రౌండుతో కలిసి ఉంటుంది, మధ్యలో ఏ అడ్డూ ఉండదు. రోగికి తగిలించే యంత్రాల్లో విద్యుత్తును వేరుచేసే భాగం తప్పనిసరి. ఇక్కడ ఆ ఖర్చు కూడా పెట్టె బయటికి వెళ్ళిపోయింది. గోడ కరెంటుతో నేరుగా ముడిపడిన ఎల్ఈడీ బల్బు సర్క్యూటుకో, స్మార్ట్ ప్లగ్గుకో దీన్ని కలపకూడదు. కలిపితే ముందు పోయేది పది డాలర్ల బోర్డు కాదు.